మా అత్త ఖాళీగా ఉన్న రెండు గంటల నలభై నిమిషాలు

మా ఇంటి నుంచి కొత్తవాడలోని మా మేనత్త ఇంటికి స్కూటర్ మీటరు ప్రకారం ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఆ శనివారం ఉదయం అయిదూ నలభై ఎనిమిదికి బయలుదేరి ఆరూ ఏడుకు చేరుకున్నాను. పెన్సిళ్ళు చెక్కుకోవడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆరూ పదికి స్టాప్‌వాచ్ నొక్కి, సాయంత్రం అయిదూ నలభైకి ఆపాను. ఆ పదకొండున్నర గంటల్లో, అంటే ఆరు వందల తొంభై నిమిషాల్లో, మా అత్త ఏ నిమిషాన ఏం చేసిందో నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. ఒక మనిషిని అంత శ్రద్ధగా చూసి అంత తప్పుగా అర్థం చేసుకోవడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పని అధ్యయనం అనే విషయం బోధిస్తాను. ఒక పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కొక్క కదలికకు ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి, అనవసరమైనదాన్ని తీసివేయడం ఇందులో ముఖ్యం. ఈ ఏడాది మా కాలేజీవారికి ఇంజనీర్లకు నీతి కూడా అవసరమని తోచింది. నీతిశాస్త్రం పేరుతో ఒక పాఠ్యాంశం పెట్టి దాన్ని నాకు అప్పగించారు. నా శీలం చూసి ఇచ్చారని కొద్ది రోజులు అనుకున్నాను. గురువారం మూడో గంట ఖాళీగా ఉన్నది నాకొక్కదానికేనని తర్వాత టైంటేబుల్ చూస్తే తెలిసింది.

మొదటి అయిదు అధ్యాయాలు నాకు హాయిగా నడిచాయి. అందరికీ ఒకే నియమం ఉండాలని ఒకటి అంటుంది. అందరి సుఖాన్నీ కూడి, ఎక్కువ మొత్తం వచ్చేదే చేయమని ఇంకొకటి అంటుంది. రెండింటినీ బోర్డు మీద వేసి చూపవచ్చు. ఆరో అధ్యాయం స్త్రీవాద నీతిశాస్త్రం. అది సూత్రం ఇవ్వకుండా ప్రశ్నలు వేస్తుంది. మొదటి అయిదు అధ్యాయాల్లో కూర్చుని అంత తీరికగా న్యాయాన్యాయాలు ఆలోచిస్తున్న ఆ పెద్దమనిషికి అన్నం వండింది ఎవరు? చిన్నప్పుడు ఆయన ముక్కు తుడిచింది ఎవరు? ఎవరి మాట సాక్ష్యంగా చెల్లుతుంది, ఎవరి మాట గొణుగుడుగా మిగిలిపోతుంది? వర్ధన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, ఈ అధ్యాయంలో లెక్కలు ఉండవా మేడం అని అడిగింది. ఆమె గొంతులో నిజమైన దిగులు వినిపించింది. ఒకటి తయారు చేసి తెస్తానని మాట ఇచ్చాను.

సరిగ్గా ఆ వారమే అత్త ఫోన్ చేసింది. మామకు అరవై మూడేళ్ళు, అత్తకు యాభై ఎనిమిది. ముందు గదిలో గుంత మగ్గం. దాని మీద మామ జంపఖానాలు నేస్తాడు. అత్త రాట్నం మీద కండెలు చుడుతుంది. కండె అంటే పేక నూలు, అంటే అడ్డంగా నేసే నూలు, చుట్టిన చిన్న గొట్టం. దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసురుతుంటే జంపఖానా పెరుగుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో జరుగుతున్నది ఇదే. నేతవారి సంఘం ఆ నెలలో తన జాబితా తిరగరాస్తోంది. జాబితాలో ఒక్కో ఇంటికి ఒక్కటే వరుస, అందులో మామ పేరు. అత్త ఏ కాగితంలో చూసినా గృహిణి. తన పేరు కూడా నేతకారుగా రాయమని అడిగితే సంఘం కార్యదర్శి నవ్వి, మగ్గం మీద కూర్చునేవాళ్ళ పేరే రాస్తామని, నువ్వు నేస్తావనడానికి సాక్ష్యం ఏమిటని అడిగాడట.

“నాకు ఇంకేమొద్దు బిడ్డా. నేను చేసే పని ఏందో ఒక్క కాయితం మీద ఉండాలె. గంతే,” అంది అత్త. 

సాక్ష్యం సంగతి నాకు వదిలేయమన్నాను. అంకెలను ఎవరూ కాదనలేరని కూడా అన్నాను. ఆ వాక్యం నా సొంతం కనుక ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

శనివారం అధ్యయనం సవ్యంగానే సాగింది, అత్త నోరు తప్ప. కాగితంలో నాలుగు గళ్ళు గీశాను: మగ్గం పని, ఇంటి పని, భోజన విశ్రాంతులు, ఖాళీ. ఆమె టీ తాగుతుంటే విశ్రాంతి గడిలో ఏడు నిమిషాలు వేశాను. మెడ సాచి చూసింది.

“ఊదుకుంట తాగిన. ఊదుడు పనిల ఏసుకో.”

గంట తర్వాత నేను ఒళ్ళు విరుచుకుంటే, అది ఏ గడిలో పడుతుందని అడిగింది. నా గురించి గడి లేదన్నాను. “మంచిగున్నది. చూసేటోళ్ళకు గడి ఉండదన్నట్టు,” అని రాట్నం తిప్పుకుంది. ఆరో అధ్యాయంలో పన్నెండు పేజీలు తీసుకున్న విషయం అది.

మామ మాట్లాడలేదు. ఆయన మాట్లాడడు. ఏమైనా అడిగితే అత్త ముందుగా ఆ ప్రశ్ననే మళ్ళీ గట్టిగా అంటుంది: “టీ పొయ్యాల్నా అని అడుగుతాంది మీ కోడలు.” అప్పుడు మామ తల ఊపుతాడు. మా ఇళ్ళలో ఇదొక పాత వేళాకోళం: ఆయన్ని నోరు తెరవనివ్వదని, ఆ ఇంట్లో ఆడ పెత్తనమని. నేను కూడా పదేళ్ళుగా నవ్వుతూ వచ్చాను.

ఒక విషయం నన్ను కొంచెం విసిగించింది. వంట అయ్యాక, కండెలు సరిపడా చుట్టాక, ఆమె వంటింటి గడప మీద కూర్చుంటుంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చేతిలో పప్పుగుత్తి. పప్పు ఎప్పుడో దింపేసింది. ఏ పనీ చేయదు. మధ్యమధ్య ఆ గుత్తితో పక్కనున్న గుంజను రెండుసార్లు తడుతుంది. మగ్గం తాళ్ళు కట్టిన గుంజ అది. రాట్నం దగ్గరున్నా, పొయ్యి దగ్గరున్నా లేచి వచ్చి తట్టి పోతుంది. నేను రాసుకున్నాను: “గుంజను తట్టుట, 38 సార్లు, అలవాటు, ప్రయోజనం లేదు.”

ఫలితం ఇది. మగ్గం పని మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఇంటి పని నాలుగు గంటల ముప్పై అయిదు. భోజనం, విశ్రాంతి యాభై నిమిషాలు. ఖాళీ రెండు గంటల నలభై. మామ మగ్గం మీద ఏడు గంటల అయిదు నిమిషాలు కూర్చున్నాడు. ఆ లెక్కన మగ్గం పనిలో అత్త వాటా ముప్పై రెండున్నర శాతం. సగానికి తక్కువే అయినా సున్నాకు చాలా ఎక్కువ కదా అని సంతోషించి, శుభ్రంగా టైపు చేసి, సంతకం పెట్టి సోమవారం కార్యదర్శికి ఇచ్చాను.

నేను గొప్పగా చూపిన అంకెను ఆయన పట్టించుకోలేదు. చివరి గడి పట్టించుకున్నాడు. బుధవారానికి అత్త పేరు జాబితాలో మామ వరుస చివరన చేరింది: సహాయకురాలు, పార్ట్ టైమ్. రోజుకు రెండున్నర గంటలు ఖాళీగా ఉంటుందని మీ మేనకోడలే రాసింది గదా అక్కా అన్నాడట. గృహిణి అన్నప్పుడు కనీసం గంటల గొడవ లేదు. నా సాక్ష్యం వల్ల ఆమె సగం పూట మనిషి అయింది.

అత్త కోప్పడలేదు. ఫోన్‌లో ఆ ఖాళీ సమయాలు ఒక్కొక్కటే చదవమంది. చదివాను: ఎనిమిదీ ఇరవై నుంచి ఎనిమిదీ యాభై అయిదు; పదకొండూ పది నుంచి పన్నెండు; రెండుంబావు నుంచి మూడు; నాలుగూ పది నుంచి నాలుగూ నలభై. క్యాలెండర్ వెనుక రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

“ముప్పై ఎనిమిదేండ్లకు సెలవు దొరికింది బిడ్డా. సంతకం పెట్టి మరీ ఇచ్చినవ్. ఎందుకు ఇడిశిపెడ్త? ఐతారం రా, నీ కాయితం ఎట్ల నడుస్తదో చూద్దువు.”

ఆదివారం నేను వెళ్ళేసరికి ఎనిమిదీ అయిదు. సరిగ్గా ఎనిమిదీ ఇరవైకి అత్త పప్పుగుత్తి కడిగి బోర్లించి, చెప్పులేసుకుని, రెండిళ్ళ అవతల ఉన్న చుట్టాలింటికి వెళ్ళింది. మిగిలిన వేళల్లో ఇంటికి వచ్చి, చేయవలసిన పనులన్నీ చేసింది. నా కాగితం ఖాళీ అన్న నిమిషాలను మాత్రమే నిజంగా ఖాళీ చేసింది. మొదటి విడతలో నేను అరుగు మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకున్నాను. మగ్గం చప్పుడు సాగుతూనే ఉంది. ఏమీ జరగలేదనుకున్నాను.

రెండో విడతలో లోపల కూర్చున్నాను. పదకొండూ ఇరవై రెండుకు నాడెలో కండె అయిపోయింది. మామ నాడె విసిరాడు, పోగును బిగించే పలకతో కొట్టాడు, మళ్ళీ విసిరాడు. ఆయన చూపు అంచు మీద ఉంది, పెదవులు లెక్క పెడుతున్నాయి. నూలు పడడం లేదు. మామా, కండె అయిపోయింది అన్నాను. ఆయన ఆగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. అత్త మీది కోపం నా మీద చూపుతున్నాడేమో అనుకున్నాను. మూడోసారి, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినిపించేలా అన్నాను. ఆయన మెడ కూడా కదలలేదు.

అప్పుడు నా సంచిలోని కాగితం గుర్తుకొచ్చింది. గుంజ దగ్గరికి వెళ్ళి పెన్నుతో తట్టాను. ఏమీ కాలేదు. పప్పుగుత్తి తీసుకుని రెండుసార్లు తట్టాను. మగ్గం వెంటనే ఆగింది. తాళ్ళ మీదుగా, ఆయన ఒడి ముందున్న మగ్గం దూలం మీదుగా ఆ దెబ్బ ఆయన నడుముకు అందింది. వెనక్కి తిరగకుండానే, నేను ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అన్నాడు:

“అచ్చినవా? కోపం పోయిందా?”

తర్వాత తిరిగి చూశాడు. గుత్తి పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ఆయన కొత్త కండె పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

కండె నిండుగా ఉన్నప్పుడు నాడె బరువుగా నడుస్తుంది, అయిపోవస్తుంటే తేలికవుతుంది, టకటకలో తేడా వస్తుంది. చెవి ఉన్న నేతకారు దాన్ని విని, చివరి పోగు దగ్గర ఆగి, కొత్త పోగు కలుపుకుంటాడు. మామకు ఆ చెవి పోయి పదకొండేళ్ళయిందని తర్వాత తెలిసింది. ఆ పదకొండేళ్ళు ఆ మగ్గాన్ని విన్నది అత్త. రాట్నం తిప్పుతూ, పప్పు కలుపుతూ, నాతో పరిహాసాలాడుతూ, గడప మీద గుత్తి పట్టుకుని. ఆయన మగ్గం మీదున్న ఏడు గంటల అయిదు నిమిషాలూ ఆమె పనిలో ఉంది. అది ఏ గడిలోనూ విడిగా కనబడదు, ఎందుకంటే అన్ని గళ్ళ కిందా అది నడుస్తూనే ఉంది. నేనేమో ఒక నిమిషంలో మనిషి ఒకే పని చేస్తుందని మొదటి గీత గీసేటప్పుడే నిర్ణయించుకున్నాను. ఒక నిమిషంలో ఒకే పని చేసే వీలున్నవాళ్ళు తయారు చేసిన పద్ధతి అది.

మిగిలిన విడతల్లో గుత్తి నా చేతిలోనే ఉంది. చెవులు రిక్కించి విన్నాను. ఇరవై రెండేళ్ళు యంత్రాల చప్పుళ్ళ గురించి పాఠాలు చెప్పినదాన్ని. ఏడుసార్లు తట్టాను, అందులో రెండు సమయానికి పడ్డాయి. ఒకసారి నిండు కండె మీద తడితే మామ ఆగి, నాడె విప్పి చూసుకుని, నా వైపు జాలిగా చూశాడు.

సాయంత్రం నాలుగూ నలభైకి అత్త నిమిషం తేడా లేకుండా తిరిగివచ్చింది. అప్పటికి నేను భూతద్దం, స్కేలు పెట్టి జంపఖానా కొలుస్తున్నాను. అది జోడులో రెండోది. రెండూ పక్కపక్కన పరిస్తే చారలు కలవాలి. ఒక్కో చారకు ఇరవై నాలుగు పోగులు. మామ లెక్కపెట్టేది విసుర్లను. ఖాళీ నాడె విసిరినా అది విసురే. తొమ్మిది చారల్లో మూడు నుంచి ఏడు పోగుల వరకు తక్కువ వచ్చాయి. మొదటి తప్పు ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలోనే పడింది కనుక అక్కడి నుంచి అంతా విప్పాలి. నలభై ఆరు అంగుళాలు.

అత్త ముఖంలో నవ్వు పోయింది. జోడు సంగతి మరిచి కోపంలో వెళ్ళానని, అది తన తప్పేనని, విప్పడానికి తానూ కూర్చుంటానని అంది. వంటింట్లోకి వెళ్ళాక ఆమె వెనుకే వెళ్ళి, శనివారమే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే ఏమైతది? నా పేరు ఎక్కుతది, ఆయన పేరు దిగుతది. చెవులు లేని ముసలాయనకు జోడు పని ఎవలిస్తరు?”

ఆరో అధ్యాయంలో దీనికి జవాబుంది. ఎదుటివారిని చూసుకోవడం గొప్పదే, కానీ చూసుకునే మనిషి తనను తాను పూర్తిగా చెరిపేసుకుంటే అది మంచితనం అనిపించుకోదు. ఆ బరువు ఆమె మీద ఎవరు పెట్టారో కూడా అడగాలి. ఇది వీలైనంత సులువుగా చెప్పాను. అత్త ఉల్లిగడ్డ కోస్తూ పూర్తిగా విన్నది.

“ఈ పుస్తకం ఆడోళ్ళే రాసిండ్రా?”

ఎక్కువమంది ఆడవాళ్ళేనన్నాను.

“వాళ్ళకు మొగుళ్ళున్నరా?”

పుస్తకంలో ఆ వివరం లేదని ఒప్పుకున్నాను. కొందరికి ఉండవచ్చన్నాను.

“ఉన్నోళ్ళది ఒక్కటి సదివి చెప్పు. మందికి తెల్వకుంట ఆయన పేరు ఎట్ల నిలబెట్టిందో గది రాసి ఉంటే, నాకు గూడ పనికొస్తది.” కాసేపాగి, ఉల్లిగడ్డ మీదే చూపు ఉంచి, “బరువు ఎవల్లు పెట్టలే బిడ్డా. నేనే ఎత్తుకున్న. గని ఎత్తుకున్నట్టన్న తెల్వాలె గద,” అంది.

ఆమె కోరినది ఆమెకు దక్కాలంటే ఆమె దాచినది బయటపడాలి. ఆయన తరఫున బయటపెట్టే హక్కు నాకు లేదు, సంఘానికి లేదు, అత్త తనకూ లేదనుకుంటోంది. అది ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరూ ముందు గదిలో కూర్చుని పోగులు విప్పుతున్నారు, మా మాటలు ఆయనకు వినబడవు.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు కార్యదర్శి జాబితా తుది పరిశీలనకు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. నేను సెలవు పెట్టి ముందే వచ్చి కూర్చున్నాను. అత్త పేరు పక్కన సహాయకురాలు అని ఉన్న జాబితాను మామ ముందు పెట్టి ఏదో ప్రశ్న వేశాడు. అలవాటు ప్రకారం అత్త దాన్ని గట్టిగా తిరిగి చెప్పబోయింది. మామ చెయ్యి ఎత్తి ఆపాడు.

“తమ్మీ, నాకు ఇనబడదు. ఇయ్యాల గాదు, పదకొండేండ్ల సంది. మగ్గం మీద కూసునేది నేను, మగ్గం ఇనేది ఈమె. రాస్తె ఇద్దర్నీ నేతోళ్ళని రాయి. లేకుంటె ఇద్దర్నీ కొట్టెయ్.”

కార్యదర్శి చెడ్డవాడు కాదు. నిజంగా చిక్కులో పడ్డాడు. ఇంటికి ఒక్కటే వరుస ఉందన్నాడు. నేను స్కేలు తీసి, ఆ వరుసను మధ్యకు రెండుగా గీసి ఇచ్చాను. ఆయన ఆ గీతను చూసి, నన్ను చూసి, ఫైలు విప్పి నా కాగితం బయటికి తీశాడు.

“గీత సరే మేడం. గని ఖాళీ అని మీరే సంతకం పెట్టిండ్రు గద.”

నేను రాసిన నివేదికను నేనే కొట్టివేసిన సందర్భం అంతకుముందు లేదు. ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాను. ఖాళీ అన్న గడి మీద అడ్డంగా గీసి, పక్కన ఇలా రాశాను: “ఈ గణన తప్పు. కొలిచిన పద్ధతే తప్పు. ఈ సమయమంతా ఈమె మగ్గం పనిలో ఉన్నారు.” గుంజను తట్టుట అన్న వరుసలో ‘ప్రయోజనం లేదు’ను కూడా కొట్టేశాను. అత్త నా భుజం మీదుగా చూస్తూ, నా రాత ఎర్ర సిరాలో మంచిగ కనబడుతుందని మెచ్చుకుంది.

గురువారం మూడో గంటలో ఈ లెక్కను పేర్లు లేకుండా, మామ అనుమతితో, బోర్డు మీద వేశాను. వర్ధన్నపేట అమ్మాయి చాలాసేపు చూసి, నిమిషాలన్నీ కూడితే రోజు కంటే ఎక్కువ వస్తోంది మేడం, ఎక్కడో తప్పుంది అంది. తప్పు రోజులో ఉందా, గళ్ళలో ఉందా అని అడిగాను. ఆమె రాసుకుంది. పరీక్షలో వస్తుందా అని వెనుక బెంచీ అడిగింది.

చివరి లెక్క ఇది. విప్పిన జంపఖానా నలభై ఆరు అంగుళాలు. విప్పడానికి ఇద్దరికి ఒక పూట, తిరిగి నేయడానికి ఒక పూర్తి రోజు. మళ్ళీ వాడుకోలేనంతగా చివికిన నూలు నాలుగు కండెలు. నేను పెట్టిన సెలవు ఒకటి, కొట్టేసిన సంతకం ఒకటి. మామ దాచుకున్న మాట ఒకటి, అది పోయింది. ఆయనకు వచ్చే జోడు జంపఖానాల పని తర్వాతి నెల నుంచి వేరే ఇంటికి పోయింది. ఇప్పుడు ఒంటివే నేస్తున్నాడు. అత్తకు రోజుకు రెండు గంటల నలభై నిమిషాల ఖాళీ పోయింది. జాబితాలో చేరిన పేరు ఒకటి, రెండో వరుసలో.